పర్సోనా అడిగితే నాక్టర్న్ అంటగట్టాడు: పాత గేమ్ డిస్కులు కొనే వైజాగ్ వాళ్లు చూసుకోండి

జగదాంబ దగ్గర మేడమీద పాత డిస్కులు అమ్మే ఆ షాపు ఏదో నేను చెప్పక్కర్లేదు. పీఎస్4 (టీవీకి పెట్టి ఆడుకునే గేమ్ పెట్టె) ఉన్నవాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు ఆ మెట్లెక్కినవాళ్లే. ఇప్పుడే అక్కణ్నుంచి వస్తున్నాను. ఒళ్లు మండిపోతోంది, తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా చెల్లి పర్సోనా 5 రాయల్ అనే గేమ్‌ని ఈజీ మోడ్‌లో పూర్తి చేసి, అలాంటిదే ఇంకోటి కావాలంది. పర్సోనా 3 రీలోడ్ అడిగాను. "అది లేదు సార్. ఇది తీసుకోండి, అదే కంపెనీ, పర్సోనాకి అన్నయ్య. ఈజీ మోడ్ కూడా ఉంది" అంటూ షిన్ మెగామి టెన్సే 3 నాక్టర్న్ హెచ్‌డీ రీమాస్టర్ చేతిలో పెట్టాడు. 2,400 రూపాయలు.

అన్నయ్యన్న మాట నిజమే. 1992లో మొదలైన షిన్ మెగామి టెన్సే నుంచి విడిపోయి పెరిగిందే పర్సోనా. దెయ్యాలూ చాలావరకు అవే, అగి, బుఫు లాంటి మంత్రాలూ అవే. కానీ ఒకే ఇంట్లో పుట్టినంత మాత్రాన ఒకే గుణం ఉంటుందా? పర్సోనా 5లో టోక్యో కళకళలాడుతుంటుంది. పొద్దున బడి, సాయంత్రం షిబుయాలో ఫ్రెండ్స్, వెనకాల జాజ్ పాట. నాక్టర్న్ 2003 నాటి పీఎస్2 గేమ్. మొదలైన కాసేపటికే టోక్యో అంతమైపోతుంది, హీరో సగం దెయ్యమైపోతాడు. ఫ్రెండ్స్‌తో కబుర్లు లేవు. డబ్బో వస్తువో ఇచ్చి బతిమాలి చేర్చుకున్న దెయ్యాలే తోడు. నాకైతే ఆ ఖాళీ బాగా నచ్చింది, అది వేరే సంగతి. ఆడాల్సింది నేను కాదు కదా.

ఇక కష్టం. యుద్ధం వంతులవారీగా సాగుతుంది. శత్రువు బలహీనత చూసి కొడితే అదనంగా టర్న్ (ఇంకోసారి కొట్టే అవకాశం) వస్తుంది. గురి తప్పితే రెండు టర్న్‌లు పోతాయి. వాడు దెబ్బ తిప్పికొట్టాడా, మన వంతు మొత్తం గోవిందా. హీరో పడితే, మిగతావాళ్లు బతికున్నా, గేమ్ ఓవర్. పర్సోనా 5లోనూ హీరో పడితే అంతే, కానీ అక్కడ సేఫ్టీ మోడ్ పెట్టుకుంటే పడ్డచోటే లేపుతుంది. ఇక్కడ చివరిసారి సేవ్ చేసిన చోటికి పోవాల్సిందే. మటడోర్ అని ఒక ఎముకల గూడు వస్తుంది. ఎర్రగుడ్డ ఒక్కసారి ఊపితే చాలు, ఆ తర్వాత మనం ఏం కొట్టినా తగలదు. తగలకపోతే రెండు టర్న్‌లు ఫట్. గాలి దెబ్బలు ఆపే హిఫుమి అనే మగటమా (హీరోకి శక్తులిచ్చే వస్తువు) పెట్టుకోవాలి, వాడి చురుకు తగ్గించే సుకుండా మంత్రం వేసే దెయ్యాన్ని తీసుకెళ్లాలి. ఈ సంగతి ముందుగా ఎవడు చెప్తాడు? చెల్లి కంట్రోలర్ సోఫాలోకి విసిరేసి వెళ్లిపోయింది.

ఈజీ మోడ్ ఉందన్నాడుగా. ఉంది, మెర్సిఫుల్ అని. డిస్కులో లేదు, ఉచిత డీఎల్‌సీగా, అంటే నెట్‌లోంచి విడిగా తీసుకునే అదనపు భాగంగా, దించుకోవాలి. దించాను, గేమ్‌లో కనిపించదు. అప్పుడు అట్ట చూస్తే కింద మూలన ఈఎస్‌ఆర్‌బీ (అమెరికాలో గేములకి రేటింగ్ ఇచ్చే సంస్థ) 'ఎం' ముద్ర. అమెరికా డిస్కు! డిస్కు ఏ ప్రాంతానిదైతే డీఎల్‌సీ ఆ ప్రాంతం ప్లేస్టేషన్ అకౌంట్‌లోనే తీసుకోవాలి. అమెరికా అకౌంట్ ఒకటి తెరిస్తే పనైపోతుందని ఎంవీపీ కాలనీలో ఉండే ఫ్రెండ్ చెప్పాడు. రోజూ ఇవే అమ్ముకునే మహానుభావుడికి ఆ ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదు.

సరే, మార్చి ఇస్తాడేమోనని చెల్లిని తీసుకుని వెళ్లాను. డిస్కు వెలుగులో అటూఇటూ తిప్పి, గీతలేమైనా ఉన్నాయేమోనని వెతికి, పక్కనున్న కుర్రాళ్లకి వినపడేలా అన్నాడు: "ఆడటం రాకపోతే నేనేం చేస్తాను సార్? ఆడపిల్లలకి క్యాండీ క్రష్ సరిపోతుంది కదా." కుర్రాళ్లు నవ్వారు. చెల్లి మాత్రం తొణకలేదు. "మటడోర్‌ని మీరు కొట్టారా అండీ?" అని అడిగింది. "నేను అమ్ముతానమ్మా, ఆడను" అన్నాడు. ఆడనివాడివి ఈజీ అని ఎలా చెప్పావయ్యా? పైగా వెనక్కి తీసుకుంటే 800 ఇస్తాడట. నేను బిల్లు అడగలేదు కాబట్టి అదీ దయేనట. నా తెలివికి దండేసి దణ్ణం పెట్టాలి.

కొనేముందు అట్ట మీద ముద్ర చూడండి, బిల్లు తీసుకోండి. పర్సోనా నచ్చినవాళ్లకి ఈ రెంటికీ మధ్యలో ఏదైనా కావాలంటే 2024లో వచ్చిన మెటఫర్ రీఫాంటాజియో చూడండి. టర్న్‌ల లెక్క నాక్టర్న్ లాంటిదే, కానీ పర్సోనాలోలాగా రోజులు గడిచే క్యాలెండరూ స్నేహాలూ ఉన్నాయి, స్టోరీటెల్లర్ అని బాగా తేలిక మోడ్ ఉంది, యుద్ధం చెడిపోతే మొదటినుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు. నాక్టర్నే కావాలనుకునేవాళ్లకి నా డిస్కు ఉంది. గీతల్లేవు, అమెరికాది, కష్టమైనది. 1,800కి ఇస్తాను. పర్సోనా లాంటిదేనా అని మాత్రం అడక్కండి.