సంఘం అప్పా, బంగారమా, వారం లోనా? విత్తనాల వేళ ఏది మేలు?

జూన్‌లో నాలుగు చినుకులు పడితే చాలు, మా పొదుపు సంఘం మీటింగుల్లో ఒకటే ప్రశ్న. "అక్కా, విత్తనానికి ఇరవై వేలు తక్కువొస్తాండాయి. సంఘంలో అడుగుదామా, కమ్మలు బ్యాంకులో పెడదామా? వారం లోను వాళ్లు రేపే ఇస్తామంటాండారు." వారం లోను అంటే మైక్రోఫైనాన్స్ కంపెనీలు చిన్న అప్పు ఇచ్చి, వారం వారం కంతు వసూలు చేసుకునేది. కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్లో సంఘాల లెక్కలు రాసేది నేనే కాబట్టి నన్నే అడుగుతారు. ఈ ఏడు నాకూ అదే అవసరం వచ్చింది.

అందరూ ముందు వడ్డీ చూస్తారు. ఇరవై వేలకు షావుకారు దగ్గర నెలకు నూటికి రెండు రూపాయలైతే ఏడాదికి 4,800. వారం లోను 24 శాతం అనుకుందాం. అసలు తగ్గేకొద్దీ వడ్డీ తగ్గుతుంది కాబట్టి వారానికి సుమారు 435 చొప్పున 52 వారాలు కడితే వడ్డీ 2,550 దాకా అవుతుంది. షావుకారు వడ్డీలో సగం కాస్త పైన. "చూడక్కా, ఇదే కదా చవక!" అంటారు. కాగితం మీద నిజమే.

నేను మాత్రం వడ్డీ కన్నా ముందు కంతు ఎప్పుడు మొదలవుతుందో చూస్తా. జూన్, జూలైలో విత్తిన సెనక్కాయ చేతికొచ్చేది అక్టోబరు, నవంబరుల్లో. మధ్యలో నాలుగైదు నెలలు ఇంట్లోకి రూపాయి రావాలంటే కూలే దిక్కు. వాన మొహం చాటేస్తే అదీ ఉండదు. వారం కంతు మాత్రం విత్తిన మరుసటి వారమే మొదలవుతుంది.

మా వీధిలో ఒకామె, నాకు చెల్లెలి వరస. ఆమె కంతు మంగళవారం. ఇద్దరం కలిసే అంగడికి పోతాం. మామూలు రోజుల్లో అర కేజీ కందిపప్పు, లీటరు నూనె, పిల్లలకు డజను గుడ్లు తీసుకునేది. నిరుడు ఆగస్టుకల్లా పప్పు పావు కేజీ అయింది, నూనె అర లీటరుకు దిగింది, గుడ్ల మాటే లేదు. టమోటా కోతకు పోయి తెచ్చిన కూలి కొంగున ముడేసుకుని, సోమవారం రాత్రి ఉత్త చింతపండు చారుతో సరిపెట్టేది. రేషన్ బియ్యం మనిషికి 5 కేజీలు వస్తాయి కాబట్టి పొయ్యి ఆరలేదు, పస్తులున్నారని ఎవరూ అనరు. తగ్గింది పప్పు, పాలు, గుడ్డు. అదీ ముందు ఆమె పళ్లెంలో, తర్వాత పిల్లల పళ్లెంలో. ఆ 2,550లో ఈ లెక్క ఎక్కడుంది?

పాడి ఉన్న ఇంటి సంగతి వేరు. పాల బిల్లు ఏడాది పొడవునా వస్తుంటుంది కాబట్టి వాళ్లకు వారం కంతు అంత బరువు కాదు.

సంఘం అప్పులో నాకు నచ్చేది, మన పొదుపులోంచి ఇచ్చుకునేదానికి షరతులు మనమే రాసుకోవచ్చు. నవంబరు దాకా వడ్డీ మాత్రమే, పంట అమ్మాక అసలు అని మా సంఘంలో తీర్మానం రాసుకున్నాం. చిక్కల్లా పది మందీ జూన్‌లోనే అడుగుతారు, నిధి చాలదు. సంఘానికి బ్యాంకు ఇచ్చే లింకేజీ అప్పు పెద్దదే కానీ దానికి కాగితాలు, తిరుగుడు, పైగా నెల నెలా కంతు.

అందుకే నేను సంఘంలో ఎనిమిది వేలు తీసుకుని, మిగతాదానికి కమ్మలు బ్యాంకులో పెట్టా. తొమ్మిది శాతం వడ్డీ, ఏడాదికి ఒకసారి కడితే సరిపోతుంది. మధ్యలో గడపకు ఎవరూ రారు. బోసి చెవులతో పెళ్లికి పోతే మా అత్త ఒక మాట అననే అనింది, అది వేరే కథ. పంట పోతే కనీసం వడ్డీ కట్టి తిరగరాయించుకోవాలి. గడువు మరిచిపోతే వేలమే. ఆ తేదీ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసి పెట్టుకున్నా.

పట్టాదారు పాసుపుస్తకం మీ పేరున ఉంటే వీటన్నిటికన్నా ముందు పంట రుణం అడగండి. గడువులోపు కడితే 4 శాతమే పడుతుంది, ఆ రుణానికి ఇచ్చే కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితిలో 10 శాతం ఇంటి ఖర్చుల కింద కలుపుతారు కూడా. కౌలు రైతులకు ఇది దొరకడం కష్టం. షావుకారు పంట దాకా ఆగుతాడు, కానీ కాయ ఆయన కాటాకే పోయాలి. ఫోన్ యాప్ అప్పుల జోలికి పోవద్దు.

వారం లోను ఇప్పటికే తీసేసుకుంటే ఏం చేయాలి? 2022 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇలాంటి సూక్ష్మ రుణాలకు కంతు వారానికా, నెలకా అన్నది తీసుకున్నవాళ్ల అవసరాన్ని బట్టి మార్చే వెసులుబాటు ఉండాలి. ముందుగా తీర్చేస్తే జరిమానా వేయకూడదు. అందుకే కంతు మార్చమని నోటిమాటగా కాకుండా కాగితం మీద రాసి ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోండి. మా చెల్లెలు మళ్లీ ఈ ఏడూ వారం లోనే తీసుకుంది. పోయిన మంగళవారం కంతుతో పాటు అర్జీ కూడా ఇచ్చి వచ్చింది. జవాబు ఇంకా రాలేదు.