తెలియని కోణాల లెక్కలకు జియోజెబ్రా: ఒక ఉపాధ్యాయుడి సమీక్ష

రేఖీయద్వయంలోని (పక్కపక్కనే ఉండి సరళరేఖను ఏర్పరిచే రెండు కోణాలలోని) కోణాల మొత్తం 180° అని గడగడా అప్పజెప్పే విద్యార్థి కూడా, పటంలో ఒక కోణం 2ఎక్స్ + 10, దాని ఆసన్న కోణం 3ఎక్స్ + 20 అని కనిపించగానే కలం ఆపేస్తాడు. ధర్మం తెలిసినా దాన్ని సమీకరణంగా రాసుకోవడం చేతకాని ఆ చోట, పటాలను తెరపై గీసి కదిలించి చూపే జియోజెబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్ ఎంతగానో ఉపయోగపడుతుందని నా అభిప్రాయం. మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో రూపకల్పన ప్రారంభించిన ఈ సాఫ్ట్‌వేర్‌ను పాఠశాలలు ఉచితంగా వాడుకోవచ్చు.

పై లెక్కనే తీసుకుందాం. ముందుగా 0 నుంచి 40 వరకు జరిగే ఒక స్లైడర్‌ను, అంటే జరుపుతూ ఒక సంఖ్య విలువను మార్చే మీటను, తెరపై పెట్టుకోవాలి. ఎక్స్ అనే అక్షరాన్ని ఈ సాఫ్ట్‌వేర్ నిరూపక రేఖాగణితం కోసం కేటాయించుకుంది కనుక స్లైడర్‌కు కె అని పేరు పెట్టడం మేలు. ఒక కిరణం నుంచి 2కె + 10 డిగ్రీల కోణంతో రెండో కిరణాన్ని, అక్కడి నుంచి 3కె + 20 డిగ్రీలతో మూడో కిరణాన్ని గీయాలి. స్లైడర్‌ను జరుపుతూ ఉంటే మూడో కిరణం తిరుగుతూ వచ్చి, కె విలువ 30 అయినప్పుడు మాత్రమే మొదటి కిరణంతో కలిసి సరళరేఖ అవుతుంది; 31 దగ్గర మళ్లీ వంగిపోతుంది. 5కె + 30 = 180 అనే సమీకరణానికి సాధన అంటే ఏమిటో పిల్లలకు అప్పుడు కంటికి కనిపిస్తుంది. కోణాలు 70°, 110° అని తేల్చడం ఆ తర్వాత నోటిలెక్కే.

రెండు జాగ్రత్తలు అవసరం. కొలత వెంట డిగ్రీ గుర్తు లేకపోతే సాఫ్ట్‌వేర్ దాన్ని కోణాలకు ఉన్న మరో కొలమానమైన రేడియన్లుగా తీసుకుంటుంది. కోణాన్ని కొలిచేటప్పుడు బిందువులను తిరగేసిన క్రమంలో ఎంచుకుంటే 70° బదులు 290° చూపవచ్చు, ఎందుకంటే అది అపసవ్య దిశలో కొలుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా ఆలోచించవలసింది మరొకటి ఉంది. కొలత తెరపై సిద్ధంగా కనిపిస్తుంటే సమీకరణం రాయవలసిన అవసరమే విద్యార్థికి తోచదు. పైగా కొలిచి చూపడం నిరూపణ కాదు, పరీక్షలో ‘రేఖీయద్వయం కనుక’ అనే కారణం రాయక తప్పదు. అందుచేత కోణాల కొలతలను దాచిపెట్టి, ముందు నోటుపుస్తకంలో సమీకరణం సాధింపజేసి, వచ్చిన విలువ దగ్గరకు స్లైడర్‌ను జరిపి సరిచూసుకోమనడమే సరైన పద్ధతి. ఇలా వాడే ఉపాధ్యాయులకు దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. జవాబుల కోసం ఒంటరిగా ఫోన్ తెరిచే విద్యార్థికి మాత్రం చేయను.