వోరికొనజోలా, లైపోసోమల్ యాంఫోటెరిసినా: ఏది మేలు?

కీమోథెరపీతో తెల్లకణాలు పడిపోయిన రోగి ఊపిరితిత్తుల్లో ఫంగస్ అనుమానం వస్తే, ముందు తేలాల్సింది అది ఏ ఫంగస్ అన్నది. ఫంగస్‌ను ఎదిరించే ఈ రెండు మందుల్లో ఏది వాడాలో దాన్ని బట్టే ఉంటుంది.

ఆస్పర్‌జిల్లస్ అనే బూజు జాతి అయితే వోరికొనజోల్‌దే పైచేయి. 2002లో వెలువడిన ట్రయల్‌లో 12 వారాల నాటికి వోరికొనజోల్ వాడినవారిలో సుమారు 71 శాతం, యాంఫోటెరిసిన్ వాడినవారిలో 58 శాతం బతికి ఉన్నారు. అయితే ఆ పోలిక పాతరకం యాంఫోటెరిసిన్‌తో, లైపోసోమల్‌తో (అదే మందును సన్నని కొవ్వు బుడగల్లో చుట్టిన రకం) కాదు. ఈ సంగతి చాలామంది మరిచిపోతారు.

మ్యూకర్ (బ్లాక్ ఫంగస్) మీద వోరికొనజోల్ పనిచేయదు. మ్యూకర్ అనుమానం కలిగేలా సైనస్‌లు కూడా దెబ్బతిన్నా, సీటీలో రివర్స్ హేలో (మధ్యలో పలచగా, చుట్టూ దట్టమైన వలయంగా ఉండే మచ్చ) కనిపించినా, వోరికొనజోల్ వాడుతుండగానే కొత్త మచ్చలు వచ్చినా లైపోసోమల్‌తో మొదలుపెట్టడమే క్షేమం. బయాప్సీ చేయించాలి, కానీ రిపోర్టు కోసం మందు ఆపి కూర్చోకూడదు.

వోరికొనజోల్ మొదటి రోజు కిలోకు 6 మి.గ్రా. చొప్పున 12 గంటల తేడాతో రెండు డోసులు, ఆపైన 4 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు. ఒకే డోసుకు ఒకరి రక్తంలో మందు చాలదు, మరొకరిలో మితిమీరుతుంది, ఎందుకంటే దాన్ని కరిగించే లివర్ ఎంజైమ్ జన్యువును బట్టి మారుతుంది. అందుకే దాదాపు అయిదో రోజున, తర్వాతి డోసుకు ముందు రక్తం తీసి చూడాలి. మిల్లీలీటరుకు 1 నుంచి 5.5 మైక్రోగ్రాముల మధ్య ఉండాలి. తగ్గితే జబ్బు లొంగదు, మించితే భ్రాంతులు, లివర్ దెబ్బ. మాత్రలు భోజనానికి గంట ముందో, గంట తర్వాతో వేసుకోవాలి. టాక్రోలిమస్ (రోగనిరోధక శక్తిని అణచే మందు) వాడేవారికి దాని డోసు మూడో వంతుకు దించాలి. విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు నడుస్తుంటే నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది కాబట్టి ఈ మందు వద్దు.

లైపోసోమల్ డోసు ఆస్పర్‌జిల్లస్‌కు రోజుకు కిలోకు 3 మి.గ్రా. చాలు. 10కి పెంచి చూసిన ట్రయల్‌లో ఫలితం మెరుగుపడలేదు, కిడ్నీ నష్టమే పెరిగింది. మ్యూకర్‌కు మాత్రం 5 నుంచి 10. కలపాల్సింది 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే. సెలైన్ తగిలితే మందు విరిగిపోతుంది కాబట్టి లైన్‌ను కూడా డెక్స్‌ట్రోజ్‌తోనే కడగాలి. కిడ్నీని కాపాడే సెలైన్ విడిగా, ముందే ఎక్కించాలి. పొటాషియం, మెగ్నీషియం, క్రియాటినిన్ రోజూ చూడాలి. అసలు భయం వయల్ మారిపోవడం: పాతరకం రోజుకు కిలోకు 1.5 మి.గ్రా. దాటకూడదు, లైపోసోమల్ లెక్కన దాన్ని ఇస్తే గుండె ఆగిపోవచ్చు.

కిడ్నీ, లివర్ రెండూ నలిగిన రోగికి ఐసావుకొనజోల్ అనే మరో ఫంగస్ మందు ఆలోచించదగ్గది. 200 మి.గ్రా. ఎనిమిది గంటలకొకటి చొప్పున ఆరు డోసులు, తర్వాత రోజుకొకటి. మ్యూకర్ మీదా పనిచేస్తుంది. పుట్టుకతో ఈసీజీలో క్యూటీ అనే వ్యవధి తక్కువగా ఉన్నవారికి మాత్రం ఇవ్వకూడదు.