మూడేళ్లు వాడాక నెట్‌వర్క్ గడియారాల గురించి: టైమ్‌కి వంక పెట్టలేను, పేర్ల దగ్గరే దెబ్బతిన్నా

మా కాలేజీలో 14 నెట్‌వర్క్ గడియారాలు, అంటే కంప్యూటర్ నెట్‌వర్క్ నుంచి టైమ్ తెచ్చుకునే గోడ గడియారాలు, పెట్టి మూడేళ్లు దాటింది, ల్యాబ్ చూసుకునేది నేనే కాబట్టి వీటి బాధ్యతా నాదే. ఒకే లాన్ కేబుల్లో కరెంటు, నెట్ రెండూ రావడం లాంటివి అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా.

మొదటి ఏడాది అడిగిన ప్రతివాళ్లకీ కళ్లు మూసుకుని కొనుక్కోండి అని చెప్పా. కేబుల్ గుచ్చితే చాలు, డీహెచ్‌సీపీలో, అంటే రూటరే అడ్రస్‌లు పంచే పద్ధతిలో, తన నెట్‌వర్క్ అడ్రస్ అదే తెచ్చుకుంటుంది, రూటర్లో ఆప్షన్ 42 అనే సెట్టింగు దగ్గర సరైన టైమ్ చెప్పే టైమ్ సర్వర్ అడ్రస్ రాసిపెడితే అదీ దాంతోపాటే అందుకుంటుంది. పోయినేడు టైమ్ సర్వర్ మార్చాల్సొస్తే రూటర్లో ఒక్క లైన్ మార్చా అంతే, మర్నాటికల్లా అన్నీ కొత్తదాన్నే అడుగుతున్నాయి. సెల్లు గడియారాల రోజుల్లో నిచ్చెన భుజాన వేసుకుని గదిగదికీ తిరిగినవాణ్ణి, ఆ సుఖం ఇప్పటికీ కాదనను.

ఇక పేర్లు, నా కంప్యూటర్లో ఒక్కో గడియారం సెట్టింగుల పేజీ తెరిచేది వీటితోనే. నెట్‌వర్క్‌లో వచ్చేది యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే టైమ్, మన 5:30 కలపడం గడియారంలోనే పెట్టాలి. మొదటిదాంట్లో పెట్టి, ఆ సెట్టింగుల ఫైలే మిగతా 13కీ ఎక్కించా. దాంతోపాటే పేరూ ఎక్కేసింది, అన్నీ "హాల్‌క్లాక్" అయిపోయాయి. కంపెనీ ఇచ్చిన పేరులో మ్యాక్ అడ్రస్ (తయారీలోనే ప్రతి పరికరానికీ ఇచ్చే నంబరు) చివరి ఆరు అంకెలుండేవి, దేనిది దానికి వేరుగా. ఇప్పుడేమో ఎండీఎన్ఎస్ అని, పరికరాలు తమ పేర్లు తామే తేల్చుకునే పద్ధతిలో ప్రతి గడియారం ఈ పేరు ఎవరైనా వాడుతున్నారా అని నెట్‌వర్క్ అంతా వినపడేలా అడిగి, ఉంటే పక్కన 2, 3 అని అంకె తగిలించుకుంది. భలే ఉందే అనుకుని ఏ గదిలో ఏ నంబరో కాగితం మీద రాసి గోడకి అంటించా. అదే నేను చేసిన పొరపాటు.

పోయిన మార్చిలో ప్రీఫైనల్ పరీక్ష, 11:20కి రెండో అంతస్తు గడియారాల కేబుళ్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్‌కి కరెంటు పోయి ఆరు నిమిషాలకి వచ్చింది. కాసేపటికి అటెండర్ పరిగెత్తుకొచ్చాడు, "సార్, 204లో గడియారం ఆరు నిమిషాలు వెనకుందంట, పిల్లలు కంగారు పడుతున్నారు". వాచీలు బయటే పెట్టించేస్తాం కాబట్టి వాళ్లకి ఆ గోడ గడియారమే దిక్కు. కాగితం చూశా, 204 అంటే హాల్‌క్లాక్-7, పేజీ తెరిచి రీస్టార్ట్ నొక్కేశా. ఆరిపోయింది 206లో గడియారం. అరగంటలో పరీక్ష అయిపోతుందనగా అంకెలు మాయమయ్యేసరికి అక్కడ పిల్లలు రాయడం ఆపి తలలెత్తేశారట. నేను తెరిచిన పేజీలో టైమ్ సరిగ్గానే ఉంది, అది చూసైనా ఆగాల్సింది.

జరిగింది ఏంటంటే ఈ గడియారాలు తగిలించుకున్న అంకెని గుర్తుపెట్టుకోవు. కరెంటు వచ్చాక ఆ అంతస్తులో ఐదూ మళ్లీ మొదటినుంచీ అడిగి, ఏది ముందు లేస్తే అది ఖాళీగా ఉన్న అంకె పట్టేసింది. కొత్త పేరు మెమరీలో దాచుకోవడం ఏమంత కష్టం చెప్పండి, ఈ కోపం నాకింకా తగ్గలేదు. 204 వెనకబడటానికి కారణం వేరే, స్విచ్‌లో స్పానింగ్ ట్రీ వల్ల (కేబుళ్లు చుట్టు తిరిగి కలిసిపోయాయేమో చూసుకునే జాగ్రత్త అది) కేబుల్ గుచ్చే పోర్టు తెరుచుకోడానికి 30 సెకన్లు పడుతుంది, ఈలోపు గడియారం విసిగిపోయి 169.254తో మొదలయ్యే అడ్రస్ సొంతంగా పెట్టేసుకుని, సర్వర్ అందక, ఆగిన దగ్గర్నుంచే నడక మొదలెట్టింది.

ఆ సాయంత్రమే ఆ పోర్టులకి, ఆ ఆలస్యం లేకుండా వెంటనే తెరుచుకునే పోర్ట్‌ఫాస్ట్ సెట్టింగు పెట్టా. ఒక్కో గడియారానికీ గది నంబరే పేరుగా చేత్తో కొట్టా, మ్యాక్ అడ్రస్ పట్టి, దేనికి ఎప్పుడూ అదే నెట్‌వర్క్ అడ్రస్ వచ్చేలా రూటర్లో రిజర్వ్ చేశా, వెనక స్టిక్కర్ వేశా. అప్పట్నుంచి కరెంటు ఎన్నిసార్లు పోయినా ఏ పేరూ మారలేదు.

కొనొచ్చా అంటే, మాది ఒకే బిల్డింగు, ఒకే నెట్‌వర్క్, రోజూ చూసుకోడానికి నేనున్నా కాబట్టి నాకు సరిపోయింది, మళ్లీ కొనాల్సొస్తే ఇవే కొంటానేమో. మధ్యలో గడియారాల్ని వేరే వీలాన్‌లోకి, అంటే అవే స్విచ్‌ల మీద విడదీసిన వేరే నెట్‌వర్క్‌లోకి, మారిస్తే ల్యాబ్ నుంచి ఒక్క పేరూ కనపడలేదు, ఆ పేర్ల పిలుపు రూటర్ దాటదు, రెండ్రోజులకే వెనక్కి తెచ్చేశా. మీకు నాలుగైదు బ్లాకులుంటే మాత్రం ముందు రెండే తీసుకుని, రెండింటికీ ఒకే పేరు పెట్టి, ప్లగ్ పీకి చూడండి.