హైడ్ పార్క్‌లో రూజ్‌వెల్ట్ లిఫ్టు, మా మోటెల్ మెట్లు

నాన్నకి మోకాళ్ల నొప్పులు. అందుకే ఈసారి న్యూయార్క్ సిటీలో తిప్పకుండా, న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి కారులో రెండు గంటల దూరంలో ఉన్న హైడ్ పార్క్‌కి తీసుకెళ్లాను. అమెరికా అధ్యక్షుడిగా చేసిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1882లో పుట్టిన స్ప్రింగ్‌వుడ్ ఇల్లు అక్కడ హడ్సన్ నదికి ఎగువన ఉంది.

ముందు బస సంగతి. కింది అంతస్తులో గది కావాలని బుక్ చేసేటప్పుడే రాశాను. రాత్రి తొమ్మిదింటికి చేరితే పై గది తాళం చేతిలో పెట్టారు. లిఫ్టు లేదు. నాన్న రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కారు. గది శుభ్రంగానే ఉంది, కానీ పెద్దవాళ్లతో వెళ్తే ఒకసారి ఫోన్ చేసి గట్టిగా చెప్పుకోండి.

స్ప్రింగ్‌వుడ్‌ని గైడ్‌తోనే చూడాలి. మా గైడ్ తొందరపెట్టలేదు, నాన్న కోసం ఆగుతూ నడిచారు. 1921లో, 39 ఏళ్ల వయసులో, రూజ్‌వెల్ట్‌కి పోలియో వచ్చి కాళ్లు పడిపోయాయి. ఆయన చక్రాల కుర్చీ చూస్తే ఆశ్చర్యమేస్తుంది: చేతులు లేని మామూలు కుర్చీకి చక్రాలు బిగించినట్టు చిన్నగా ఉంటుంది. పెట్టెలు పైకి చేర్చే పాత లిఫ్టులో కూర్చుని, తాడు తానే లాక్కుంటూ పై అంతస్తుకి వెళ్లేవారట. ఇల్లు అంటుకుని కరెంటు పోతే లోపలే ఇరుక్కుపోతానన్న భయంతో మోటారు పెట్టించుకోలేదు. "నిన్న మన మోటెల్లో ఆ తాడైనా లేదురా" అన్నారు నాన్న.

టైమ్ తక్కువుంటే పక్కనే ఉన్న లైబ్రరీ మ్యూజియానికే ఎక్కువ ఇవ్వండి. పదవిలో ఉండగానే 1941లో తెరిపించారు. అధ్యక్షుల కాగితాలు దాచే ప్రభుత్వ ప్రెసిడెన్షియల్ లైబ్రరీల్లో మొదటిది ఇదే. చేతులతోనే నడిపేలా మార్పించుకున్న ఫోర్డ్ కారు అక్కడుంది. నాకు నచ్చింది ఏంటంటే, అంతా పొగడ్తే కాదు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1942లో ఆయన సంతకంతో దాదాపు 1,20,000 మంది జపాన్ మూలాలవాళ్లని నిర్బంధ క్యాంపులకి తరలించిన సంగతి కూడా పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికా పౌరులే! అదే ఏడాది గాంధీజీ ఆయనకి ఉత్తరం రాశారని నాన్న గుర్తుచేశారు.

సమాధి గులాబీ తోటలో ఉంది, అలంకారం లేని తెల్ల పాలరాయి. 1945 ఏప్రిల్ 12న పోయారు, జర్మనీ లొంగిపోయింది మే నెలలో. ఆయన కుక్క ఫాలాని కూడా ఆ తోటలోనే పూడ్చారని తెలిసి అమ్మ కాసేపు అక్కడే నిలబడింది.

ఆయన భార్య ఎలియనార్ ఉన్న వాల్‌కిల్ కాటేజీ బయటినుంచే చూశాం. తిండికి వెతుక్కోలేదు, అమ్మ పులిహోర కారులోనే ఉంది. మోటెల్లో రెండో రాత్రికీ డబ్బు కట్టేశాం, వాపసు రాదన్నారు. అయినా నాన్నని ఆ మెట్లు మళ్లీ ఎక్కించలేక సాయంత్రమే ఎడిసన్ దారి పట్టాం.