కిరాణా దుకాణంలో ఎర్ర చుక్క: 1972 ఐస్ హాకీ పోరు జాడల్లో టొరంటో, మాంట్రియల్

కెనడాలో టొరంటో పక్కనున్న మిస్సిసాగాలో మా పక్కింటి పెద్దాయనకు 1972లో పదకొండేళ్లు. ఆ ఏడాది సెప్టెంబరు 28, గురువారం నాడు బడిలో పాఠాలు ఆపేసి, వ్యాయామశాలలోకి టీవీని తోసుకొచ్చి, పిల్లలందరినీ నేల మీద కూర్చోబెట్టారట. మాస్కోలో కెనడా, సోవియట్ యూనియన్ జట్ల మధ్య జరిగిన ఐస్ హాకీ (మంచు మీద ఆడే హాకీ) సిరీస్‌లో ఎనిమిదోది, ఆఖరుది అయిన ఆట అది. మూడు భాగాల ఆటలో రెండు ముగిసేసరికి సోవియట్ జట్టు 5-3తో ముందుంది. ఇంకో 34 సెకన్లలో ఆట అయిపోతుందనగా పాల్ హెండర్సన్ గోల్ కొట్టడంతో కెనడా 6-5తో గెలిచింది; ఒక ఆట సమంగా ముగిసిన ఆ సిరీస్ కూడా 4-3తో కెనడాకు దక్కింది. ఈ కథ ఆయన నోట కనీసం ఇరవైసార్లు విన్న మా అబ్బాయి ఆ చోట్లన్నీ చూడాలని పట్టుబట్టాడు. మాస్కో మా వల్ల కాదు కనుక, తొలి రెండు ఆటలు జరిగిన మాంట్రియల్, టొరంటోలతో సరిపెట్టుకున్నాం.

మా ఊళ్లోని పోర్ట్ క్రెడిట్ స్టేషన్ నుంచి గో అనే లోకల్ రైలులో టొరంటో యూనియన్ స్టేషన్‌కు అరగంట ప్రయాణం. పన్నెండేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. నగరం నడిబొడ్డున కారు నిలపడానికి అయ్యే ఖర్చు తలచుకుంటే, కుటుంబంతో వెళ్లేవారికి రైలే మేలు.

మేటి ఆటగాళ్లను గౌరవించే మ్యూజియం, హాకీ హాల్ ఆఫ్ ఫేమ్, స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే, యోంగ్, ఫ్రంట్ వీధుల మూల మీద ఉంది. అక్కడ కనిపించే పాత రాతి కట్టడం 1885లో బ్యాంకు కోసం కట్టినది. దాని తలుపు దగ్గర నిలబడితే లాభం లేదు, పక్కనున్న బ్రూక్‌ఫీల్డ్ ప్లేస్‌లోకి వెళ్లి కింది అంతస్తుకు దిగితే గానీ ప్రవేశం దొరకదు. మేము ఆ మూల మీద పది నిమిషాలు తచ్చాడాం. లోపల టికెట్ల దగ్గర సిబ్బంది ఓపిగ్గా మాట్లాడారు. అసలు చూడవలసినది పాత బ్యాంకు హాలు: రంగుటద్దాల గోపురం కింద ఉత్తర అమెరికా హాకీలో పెద్ద బహుమతి అయిన స్టాన్లీ కప్, చుట్టూ గౌరవం పొందిన ఆటగాళ్ల పేర్లు చెక్కిన గాజు పలకలు. 1972లో ఇరవై ఏళ్ల వయసులో కెనడా దాడులకు అడ్డుగోడగా నిలిచిన సోవియట్ గోల్‌కీపర్ వ్లాదిస్లావ్ త్రెత్యాక్‌కు 1989లోనే ఇక్కడ చోటు దక్కింది. అదే జట్టు ఆటగాడు వలేరీ ఖర్లామోవ్‌కు 2005లో, అంటే ఆయన పోయిన 24 ఏళ్లకు దక్కింది. ఆ గోల్ కొట్టిన హెండర్సన్‌కు మాత్రం చోటు లేదు. ఈ మాట ఎత్తితే మా పెద్దాయనకు కోపం వస్తుంది. ఆరో ఆటలో కెనడా ఆటగాడు బాబీ క్లార్క్ కావాలని ఖర్లామోవ్ చీలమండ మీద కర్రతో కొట్టిన సంగతి ఎత్తితే మాత్రం ఆయన గొంతు తగ్గించి మాట్లాడతారు. గెలిచినవారి జ్ఞాపకాల్లో కూడా ఇలాంటి ముల్లు ఒకటి ఉంటుందని నాకు ఆయన వల్లనే తెలిసింది.

అక్కడి నుంచి మెట్రోలో కాలేజ్ స్టేషన్‌కు వెళ్లాం. పట్టాలకు ఒక పక్క గోడ మీద టొరంటో ఆటగాళ్లు, ఎదుటి గోడ మీద మాంట్రియల్ ఆటగాళ్లు బొమ్మల్లో తలపడుతుంటారు. పైకి వస్తే కార్ల్టన్ వీధిలో మేపుల్ లీఫ్ గార్డెన్స్ అనే పాత హాకీ స్టేడియం, రెండో ఆటను కెనడా 4-1తో గెలిచిన చోటు. 1931 నాటి ఆ కట్టడంలో కింద ఇప్పుడు పెద్ద కిరాణా దుకాణం నడుస్తోంది. ఇరవై అయిదో వరుసలో సరుకుల అరల మధ్య, నేల మీద ఎర్రని చుక్క ఒకటి ఉంటుంది. పాత రింకు, అంటే మంచు ఆటస్థలం, నడిమధ్య అదే. మేము నిలబడిన అయిదు నిమిషాల్లో ఇద్దరు తమ బండ్లను దాని మీదుగానే తోసుకుపోయారు, ఒక పెద్దావిడ మాత్రం ఆగి, బండిని పక్కకు తిప్పి, చుక్కను తొక్కకుండా వెళ్లింది. మ్యూజియంలోని గాజు పెట్టెలన్నిటికంటే నాకు ఆ బండి మలుపే బాగా గుర్తుంది. దీనికి టికెట్ లేదు. మా ఆవిడ పెరుగు డబ్బా కూడా కొనుక్కుంది.

మాంట్రియల్‌కు రైలులో సుమారు అయిదు గంటలు పట్టింది. సీట్లు విశాలంగా ఉన్నా, శాకాహారులకు దొరికేది అంతంతమాత్రమే. మేము పులిహోర కట్టుకెళ్లి మంచి పని చేశాం. బస విషయంలో మాత్రం దెబ్బతిన్నాం. తాళానికి బదులు అంకెలు నొక్కి తెరిచే అతిథిగృహం ఒకటి చవకగా దొరికిందని తీసుకుంటే, ఆ అంకెల సందేశం వచ్చేదాకా నలభై నిమిషాలు చలిలో సామాన్లతో వీధిలో నిలబడవలసి వచ్చింది. రాత్రి చేరేవారు నాలుగు డాలర్లు ఎక్కువైనా మనిషి ఉండే హోటల్ చూసుకోవడం మంచిది.

అట్‌వాటర్ మెట్రో దగ్గరి ఫోరం అనే పాత హాకీ స్టేడియం చూశాక నిరాశ కలిగింది. 1972 సెప్టెంబరు 2న తొలి ఆట జరిగింది ఇక్కడే. మొదటి అర నిమిషంలోనే కెనడా ఆటగాడు ఫిల్ ఎస్పొజిటో గోల్ కొడితే, ఇక తమకు ఎదురులేదనుకున్న జనం కళ్లముందే సోవియట్ జట్టు 7-3తో గెలిచింది. 1975 డిసెంబరు 31 రాత్రి మాంట్రియల్ కనేడియన్స్, మాస్కో సైనిక జట్టు 3-3తో ముగించిన ఆటా ఇక్కడిదే. 1996లో హాకీ ఇక్కడి నుంచి వెళ్లిపోయింది. ఇప్పుడది సినిమా హాళ్లున్న వినోద కేంద్రం. నడిమధ్యన పాత కుర్చీలు కొన్ని, ఆటస్థలాన్ని తలపించే గుర్తులు ఉన్నాయి గానీ, పాప్‌కార్న్ వాసనలో మనసు నిలవలేదు. దీని కోసమే మాంట్రియల్ దాకా వెళ్లనక్కర్లేదు. వేరే పని మీద వెళితే అరగంట చాలు.

తిరిగి వచ్చాక ఎర్ర చుక్క మీద మా అబ్బాయి నిలబడ్డ ఫొటోను పెద్దాయనకు చూపించాం. ఆయన కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసి, ఆ అరల వెనక గోల్ ఏ వైపు ఉండేదో వేలితో చూపించారు. ఇప్పుడక్కడ మంచు లేకుండా పోయిందని బాధపడబోతుంటే, పై అంతస్తులో విశ్వవిద్యాలయం వారి రింకు ఉందని, పాత పైకప్పు కిందే ఇంకా ఆడుతున్నారని మావాడు చెప్పాడు. ఈసారి తాను కూడా వస్తానని ఆయన అన్నారు.