పాత మారుతి 800 కార్బురేటర్: కిట్ వేయించాలా, సెకండ్‌హ్యాండ్ తేవాలా, కొత్తది కొనాలా?

పాత మారుతి 800కి పికప్ తగ్గి, సిగ్నల్ దగ్గర నిలిపినప్పుడల్లా ఇంజిన్ ఆగిపోతుంటే తిరుపతిలో కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) గురించి మూడు సలహాలు వినిపిస్తాయి. రిపేర్ కిట్ వేసి క్లీన్ చేయిద్దాం అని ఒకరు, పాత విడిభాగాలు అమ్మే చెన్నై పుదుపేటకు వెళ్లి మంచి సెకండ్‌హ్యాండ్‌ది తెచ్చుకో అని ఇంకొకరు, ఆన్‌లైన్‌లో కొత్తదే పెట్టేయ్ అని మరొకరు. నా మాట ముందే చెప్పేస్తున్నాను: బండితో వచ్చిన ఒరిజినల్ కార్బురేటర్ బాడీ బాగున్నంత వరకు దాన్ని మార్చొద్దు.

అసలు తప్పు కార్బురేటర్‌దేనా అన్నది ముందు తేల్చుకోవాలి. ప్లగ్గులు, వాటికి స్పార్క్ అందించే పాయింట్లు, పెట్రోల్ ఫిల్టర్, పగిలిన వాక్యూమ్ పైపు, వీటిలో ఏది చెడినా నింద దాని మీదకే పోతుంది. దీనికి మనకు దగ్గర్లోనే మంచి పరీక్ష ఉంది, భాకరాపేట ఘాట్. చిత్తూరు వైపు వాళ్లకైతే మొగిలి ఘాట్. యాక్సిలరేటర్ తొక్కిన ఆ క్షణంలోనే బండి ఒక్కసారి ముక్కి, తర్వాత అందుకుంటే కార్బురేటర్‌లోని యాక్సిలరేటర్ పంపు డయాఫ్రం (రబ్బరు పొర) మీద అనుమానం పెట్టుకోవచ్చు. మొదట బాగానే ఎక్కి, కాసేపటికి ఊపిరి అందనట్టు తగ్గిపోతే పెట్రోల్ చాలడం లేదని అర్థం. అప్పుడు ఫిల్టర్, పెట్రోల్ పంపు, కార్బురేటర్‌లోకి పెట్రోల్ వదిలే నీడిల్ వాల్వ్ చూడాలి. ఎండలో నిలిపి మళ్లీ స్టార్ట్ చేస్తే మొరాయించి, పెట్రోల్ వాసన గుప్పుమంటే ఫ్లోట్ లెవెల్, అంటే కార్బురేటర్ లోపల నిలిచే పెట్రోల్ మట్టం, ఎక్కువై ఉండొచ్చు.

ఇక కిట్ సంగతి. ఈ కార్బురేటర్లను జపాన్ మికూని టెక్నాలజీతో చెన్నైలోని యూకాల్ తయారు చేసింది. బాడీ గట్టిది, ముందుగా పోయేవి రబ్బరు, ప్యాకింగులే. ఇప్పుడు మనం కొట్టించే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరు దానికి ఉబ్బుతుంది, బిరుసెక్కుతుంది. ఇథనాల్ తేమను కూడా పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి కదలని బండిలో ఫ్లోట్ చాంబర్ విప్పితే అడుగున గోధుమరంగు జిగురు, అల్యూమినియం మీద తెల్లటి పొడి కనిపిస్తాయి. డయాఫ్రం, ప్యాకింగులు, నీడిల్ వాల్వ్ కలిపి వచ్చే కిట్ ఖర్చు వందల్లోనే ఉంటుంది. మంచి మెకానిక్‌కి పూట పని.

ఆ పూట మీరు దగ్గరుండండి. జెట్లలో, అంటే పెట్రోల్‌ను కొలిచి వదిలే సన్నటి రంధ్రాల ముక్కల్లో, తీగ పెట్టి పొడవనివ్వొద్దు. ఇత్తడి రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా మైలేజ్ పోతుంది. క్లీనర్‌లో నానబెట్టి ఎయిర్ కొడితే చాలు. పై మూత గతంలో ఎవరైనా బలంగా బిగించి వంచేశారేమో గాజు పలక మీద పెట్టి చూడమనండి. అది వంగి ఉంటే ఎన్ని కొత్త ప్యాకింగులు వేసినా గాలి లాగుతూనే ఉంటుంది.

కిట్‌తో కుదరని జబ్బు ఇంకొకటి ఉంది, థ్రాటిల్ షాఫ్ట్ (యాక్సిలరేటర్ తొక్కితే లోపలి గాలి తలుపును తిప్పే కడ్డీ) అరుగుదల. షాఫ్ట్‌ను వేలితో పట్టుకుని పక్కలకు ఊపండి. ఆట తెలిసేంతగా ఉంటే అక్కడి నుంచి గాలి దూరుతుంది, ఐడ్లింగ్ ఎంత సెట్ చేసినా నిలవదు. దానికీ విరుగుడు ఉంది. పని తెలిసిన లేత్ షాపులో ఇత్తడి బుష్ వేయించవచ్చు. కాకపోతే బుష్ సూటిగా కూర్చోకపోతే థ్రాటిల్ పట్టేస్తుంది. ఇలాంటి పని ఇదివరకు చేసిన చెయ్యి అయితేనే ఇవ్వండి.

బుష్ వేసేవాళ్లు దొరకనప్పుడే సెకండ్‌హ్యాండ్ వైపు చూడాలి. తిరుపతి వాళ్లకు చెన్నై పుదుపేట, చిత్తూరు వాళ్లకు దగ్గర్లో వేలూరు. విప్పిన కార్బురేటర్‌ను సంచిలో వేసుకుని వెళ్లండి, ఫోటో చూపిస్తే సరిపోదు. 800లోనే ఏళ్లను బట్టి పైపుల అమరిక, లివర్లు మారాయి. షాపతను "అన్నా, అన్నీ ఒకటే, కూర్చుంటుంది" అన్నా సరే, రెండూ పక్కపక్కన పెట్టి నంబరు, పైపు ముక్కులు, బోల్టు రంధ్రాలు సరిచూసుకోండి. ఆ సెకండ్‌హ్యాండ్‌దాని షాఫ్ట్ కూడా అరిగి ఉండొచ్చన్నది మరవొద్దు, అక్కడే ఊపి చూడండి. నన్నడిగితే దీని అసలు విలువ విడిభాగాలది. చోక్ లివర్, స్ప్రింగులు, లింకేజీ, మిక్చర్ స్క్రూ (గాలి, పెట్రోల్ పాళ్లు సరిచేసేది) లాంటివి కిట్‌లో రావు. అవి కావాలంటే చవగ్గా ఒకటి కొని ఇంట్లో పెట్టుకోవడం మంచిదే.

ఆన్‌లైన్‌లో దొరికే పేరులేని కొత్తవి నాకు నచ్చవు. తళతళలాడతాయి గానీ జెట్ సైజులు మన ఇంజిన్‌కి సరిపోయేవో కావో చెప్పేవాళ్లు ఉండరు. కంపెనీ పెట్టెలో, సరైన నంబరుతో, ఎప్పటిదో పాత స్టాక్ దొరికితే ఆలోచించకుండా తీసుకోండి. కానీ దాని రబ్బరుకీ వయసైపోయి ఉంటుంది, బిగించే ముందు కిట్ వేయాల్సిందే.

ఏది పెట్టినా చివరి ట్యూనింగ్ చెవితో కాకుండా పొల్యూషన్ మిషన్‌తో చేయించండి. భారత్ స్టేజ్-2 కాలుష్య ప్రమాణాలకి ముందరి పెట్రోల్ కార్లకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం లోపు ఉండాలి. 15 ఏళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ ఎలాగూ తప్పదు. ఇంజిన్ బాగా వేడెక్కాక, చోక్ పూర్తిగా లోపలికి నెట్టి, ఎయిర్ ఫిల్టర్ బిగించి ఉంచే రీడింగ్ తీయమని చెప్పండి.